నాచు తగ్గింది, చేపలు పెరగట్లేదు: సరస్సు బాగుచేశాక నీళ్ళలో ఏం మారుతుంది

మీరడిగింది నాకర్థమైనంతవరకు ఇదీ. సరస్సులోకి మురుగు రావడం ఆపేశారు, పూడిక కూడా కొంత తీశారు, నీళ్ళు ముందుకంటే తేటబడ్డాయి, పైన పచ్చగా తెట్టు కట్టడం బాగా తగ్గింది, కానీ చేపలు ముందంత పడట్లేదు, పైగా ఒడ్డు దగ్గర రాళ్ళ మీద గోధుమరంగు జారుడు పొర ఒకటి కొత్తగా పట్టింది. నాచే కదా అన్నిటికీ మూలాహారం, దాన్ని తగ్గిస్తే చేపల తిండి తగ్గించినట్టే కదా, మరి ఇది బాగుచేయడమా పాడుచేయడమా అని మీ అనుమానం.

అనుమానం న్యాయమైందే. నేను ఏళ్ళ తరబడి సరస్సు నీళ్ళ శాంపిళ్ళు మైక్రోస్కోప్ కింద చూసే పనిలో ఉన్నా, ఈ ప్రశ్న దాదాపు ప్రతి పునరుద్ధరణ పని తర్వాతా ఎవరో ఒకరు అడుగుతారు, అడగాలి కూడా. నాచు ఎంత ఉంది అన్నది సగం లెక్క మాత్రమే, ఆ నాచుని ఎవరైనా తినగలరా, తిన్నది వాళ్ళ ఒంటికి పడుతుందా అన్నది మిగతా సగం. ఈ రెండో సగం వదిలేసి చూస్తే పచ్చగా చిక్కగా ఉన్న సరస్సే పుష్టిగా ఉన్నట్టు కనిపిస్తుంది, నిజానికి అలాంటి సరస్సుల్లోనే తిండి ఎక్కువ భాగం ఎవరి నోట్లోకీ వెళ్ళకుండా అడుగుకి చేరి కుళ్ళిపోతుంటుంది, ఆ కుళ్ళు ఆక్సిజన్‌ని తినేస్తుంది.

ముందు ఎవరు ఎవర్ని తింటారో చూద్దాం. నీళ్ళలో తేలే నాచుని నేరుగా తినే చేపలు కొన్ని ఉన్నాయి కానీ ఎక్కువ సరస్సుల్లో మధ్యలో జూప్లాంక్టన్ ఉంటుంది, అంటే డాఫ్నియా (ఇంగ్లీషులో వాటర్ ఫ్లీ అంటారు), కోపీపాడ్లు, రోటిఫర్లు లాంటి చిన్న జీవులు. చేపపిల్లలు గుడ్డులోంచి బయటికొచ్చిన మొదటి వారాల్లో బతికేది చాలావరకు వీటి మీదే. అందుకే నాచుకీ చేపకీ మధ్య వంతెన ఈ జూప్లాంక్టన్, వంతెన తెగితే ఇటు పక్క ఎంత నాచున్నా అటు పక్కకి చేరదు. డాఫ్నియా ఒక జల్లెడలాగా పనిచేస్తుంది, నీళ్ళని కాళ్ళ వెంట్రుకల గుండా తోసి అందులో చిక్కిన చిన్న చిన్న కణాల్ని మింగుతుంది, రుచి చూసి ఏరుకోవడం దానికి పెద్దగా చేతకాదు. కోపీపాడ్లు అలా కాదు, ఇవి ఏరుకుని తింటాయి.

ఇప్పుడు మురుగుతో నిండిన సరస్సులో ఉండే నాచు సంగతి. అక్కడ రాజ్యమేలేది సయనోబాక్టీరియా, అంటే మనం నీలి ఆకుపచ్చ నాచు అనేది, అసలైతే అది నాచు కూడా కాదు బాక్టీరియానే, కానీ అలవాటుగా నాచు లెక్కలోనే కలుపుతాం, నేనూ కలిపేస్తా. మైక్రోసిస్టిస్, ప్లాంక్టోథ్రిక్స్, డోలికోస్పెర్మమ్ లాంటివి. వీటితో జూప్లాంక్టన్‌కి మూడు ఇబ్బందులు. ఒకటి ఆకారం, మైక్రోసిస్టిస్ జిగురుతో కలిసి పెద్ద ముద్దలు కడుతుంది, ప్లాంక్టోథ్రిక్స్ పొడుగు దారాల్లా ఉంటుంది, ఆ దారాలు డాఫ్నియా జల్లెడకి అడ్డం పడితే అది పని ఆపి శుభ్రం చేసుకోవాలి, అలా చేసేటప్పుడు పట్టుకున్న మంచి తిండి కూడా బయటికి నెట్టేస్తుంది. రెండు, వీటిలో కొన్ని మైక్రోసిస్టిన్ లాంటి విషాలు తయారుచేస్తాయి. మూడోది జనం పెద్దగా మాట్లాడనిది, నా దృష్టిలో అదే అన్నిటికంటే లోతైనది: పోషకంగా వీటిలో కావాల్సింది లేదు. డాఫ్నియాకి స్టెరాల్స్ (కొలెస్ట్రాల్ లాంటి కొవ్వు పదార్థాలు) కావాలి, వాటిని అది సొంతంగా తయారుచేసుకోలేదు, తిండి నుంచే రావాలి, సయనోబాక్టీరియాలో అవి దాదాపు ఉండవు. అలాగే పొడవు గొలుసు ఒమేగా-3 ఫ్యాటీ యాసిడ్లు, ముఖ్యంగా ఈపీఏ, డీహెచ్ఏ, ఇవీ వాటిలో లేవు. కడుపు నిండుతుంది కానీ ఒంటికి పట్టదు, గుడ్లు పడవు.

దీనికి ఎదురుగా డయాటమ్లని చూడండి, గాజు పెంకు కట్టుకునే గోధుమరంగు నాచు, వీటిలో ఈపీఏ బాగా ఉంటుంది. క్రిప్టోఫైట్లు అనే ఒంటికణపు నాచుల్లో ఈపీఏ, డీహెచ్ఏ రెండూ ఉంటాయి, పైగా పెంకు లేదు, సైజు చిన్నది, మెత్తగా మింగుడుపడతాయి, ల్యాబుల్లో డాఫ్నియాకి క్రిప్టోఫైట్లు పెడితే ఎంత చక్కగా పెరుగుతాయో చూసినవాళ్ళకి తెలుస్తుంది. ఆకుపచ్చ నాచు, అంటే క్లోరెల్లా, సెనెడెస్మస్ వగైరా, మధ్యస్తం, వీటిలో 18 కార్బన్ల ఒమేగా-3 ఉంటుంది కానీ ఈపీఏ చాలా తక్కువ, డీహెచ్ఏ అంతకంటే తక్కువ. 18 కార్బన్ల దాన్ని 20 కార్బన్ల ఈపీఏగా మార్చుకోవడం డాఫ్నియాకి కొంత వచ్చు కానీ అది చాలా నిదానం, దాని మీద ఆధారపడి జనాభా పెరగదు. డోర్తె ముల్లర్-నవర్రా, మైకేల్ బ్రెట్ వాళ్ళ బృందం 1990ల నుంచి ఈ విషయం మీద చేసిన పనిలో తేలిందేంటంటే, నాచు నుంచి డాఫ్నియాకి శక్తి ఎంత బాగా బదిలీ అవుతుందో చెప్పడానికి నాచు మొత్తం కార్బన్ కంటే అందులో ఈపీఏ ఎంతుంది అన్నదే మెరుగైన కొలత. ఫాస్ఫరస్ ఎక్కువైన సరస్సుల్లో ఈ ఈపీఏ వాటా పడిపోతుంది, అంటే నాచు పెరిగేకొద్దీ అందులో ప్రతి గ్రాము విలువ తగ్గుతూ పోతుంది.

ఈ మంచి కొవ్వులు అక్కడితో ఆగవు. డాఫ్నియా తన ఒంట్లో ఎక్కువగా ఈపీఏ దాచుకుంటుంది, కోపీపాడ్లు డీహెచ్ఏ దాచుకుంటాయి, చేపపిల్ల మెదడుకీ కంటికీ డీహెచ్ఏ కావాలి, అందుకే జూప్లాంక్టన్‌లో రెండు రకాలూ ఉండటం ముఖ్యం. నీళ్ళలో పెరిగి రెక్కలొచ్చి పైకెగిరే పురుగులు కూడా ఈ కొవ్వుల్ని మోసుకెళ్తాయి, అమెరికాలో ట్రీ స్వాలో అనే పిట్ట పిల్లల మీద చేసి 2016లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, తక్కువ తిండైనా ఈ పొడవు గొలుసు ఒమేగా-3లు ఎక్కువున్నది తిన్న పిల్లలే, ఎక్కువ తిండి తిన్నా అవి తక్కువైన పిల్లలకంటే బాగా పెరిగాయి. సరస్సులో నాచు జాతి మారితే ఒడ్డు మీద పిట్ట గూటి దాకా దాని ప్రభావం ఉందంటే ఆలోచించండి.

సరే, ఇక బాగుచేస్తే ఏమవుతుంది. మురుగు ఆపడం అంటే ముఖ్యంగా ఫాస్ఫరస్ ఆపడం. కెనడాలోని ప్రయోగ సరస్సుల్లో డేవిడ్ షిండ్లర్ వాళ్ళు 1973లో 226 నంబరు సరస్సుని మధ్యలో తెర కట్టి రెండుగా విడదీసి, ఒక పక్క కార్బన్, నైట్రోజన్ వేశారు, రెండో పక్క వాటితోపాటు ఫాస్ఫరస్ కూడా వేశారు, ఫాస్ఫరస్ పడిన పక్కే పచ్చగా మారింది, ఆకాశం నుంచి తీసిన ఆ ఫోటో ఫాస్ఫరస్ ఉన్న డిటర్జెంట్ల మీద నియమాలు రావడానికి బాగా తోడ్పడింది. నైట్రోజన్ కూడా తగ్గించాలా అన్న చర్చ ఇంకా నడుస్తోంది, నా అభిప్రాయం లోతు తక్కువ సరస్సుల్లో రెండూ చూడాలి, కానీ డబ్బు ఒక్కదానికే ఉంటే ఫాస్ఫరస్‌కే పెట్టమంటా, ఎందుకంటే నైట్రోజన్ ఒక్కటే తగ్గిస్తే గాల్లోంచి నైట్రోజన్ పట్టుకోగల సయనోబాక్టీరియాకి దారి తెరిచినట్టవుతుంది.

నాకు తెలిసినవాటిలో ఈ మొత్తం కథ ఒకేచోట కనిపించేది సియాటెల్ పక్కనున్న వాషింగ్టన్ సరస్సులో. 1950ల్లో చుట్టుపక్కల ఊళ్ళ ట్రీట్‌మెంట్ ప్లాంట్ల నీళ్ళన్నీ అందులోకే వచ్చేవి, 1955లో అక్కడ ఆసిలటోరియా రుబెసెన్స్ (ఇప్పుడు ప్లాంక్టోథ్రిక్స్ అంటున్నారు) కనబడింది, యూరప్ సరస్సులు పాడయ్యేముందు ఇదే దారపు నాచు వచ్చేదని తెలిసిన టామీ ఎడ్మండ్సన్ అనే శాస్త్రవేత్త జనానికి హెచ్చరిక చేశారు, జనం ఓటేసి పన్ను కట్టి 1963 నుంచి 1968 మధ్యలో మురుగంతా సరస్సు చుట్టూ పైపులు వేసి మళ్ళించారు. ఫాస్ఫరస్ త్వరగా పడిపోయింది, నాచు తగ్గింది, నీళ్ళు దాదాపు 3 మీటర్ల లోతు దాకా కనిపించే స్థాయికి వచ్చాయి, అంతా అక్కడితో అయిపోయిందనుకున్నారు. కానీ 1976లో ఎవరూ ఊహించని రెండో మలుపు వచ్చింది, అంతకుముందు ఆ సరస్సులో అరుదుగా కనిపించే డాఫ్నియా ఒక్కసారిగా పెరిగిపోయింది, స్పష్టత దాదాపు రెట్టింపైంది. ఎందుకు అప్పుడే అని వెతికితే రెండు కారణాలు తేలాయి. లాంగ్‌ఫిన్ స్మెల్ట్ అనే చిన్న చేప పెరిగి, డాఫ్నియాని వేటాడే నియోమిసిస్ అనే రొయ్యలాంటి జీవిని 1960ల్లోనే తగ్గించేసింది, అయినా డాఫ్నియా పదేళ్ళదాకా లేవలేకపోయింది, ఎందుకంటే దాని జల్లెడకి అడ్డం పడే ఆసిలటోరియా దారాలు ఇంకా ఉన్నాయి, అవి పూర్తిగా పోయాకే అది లేచింది. చూశారా, మురుగు ఆపడం మొదటి అడుగు, దాంతో చెడ్డ నాచు పోవడం రెండోది, దాన్ని తినే జీవి రావడం మూడోది, ఒక్కోదానికీ మధ్య ఏళ్ళ తేడా. మీరిప్పుడు మొదటికీ రెండోదానికీ మధ్య ఎక్కడో ఉన్నారని నా అంచనా.

అయితే ఇక్కడే నేను రెండో వైపు కూడా చెప్పాలి, ఎందుకంటే నాచు తగ్గేకొద్దీ అంతా మంచే అని చెప్పేస్తే అది పూర్తి నిజం కాదు. నాణ్యత అంటే కొవ్వులు, స్టెరాల్స్ ఒక్కటే కాదు, నాచు కణంలో ఫాస్ఫరస్ ఎంతుంది అన్నది కూడా నాణ్యతే. డాఫ్నియా వేగంగా పెరిగే జీవి, దాని ఒంట్లో ఫాస్ఫరస్ వాటా ఎక్కువ, ఎండు బరువులో 1.5 శాతం దాకా ఉంటుంది. సముద్రపు నాచుకి రెడ్‌ఫీల్డ్ అనే శాస్త్రవేత్త చెప్పిన సగటు లెక్క ప్రకారం ఒక ఫాస్ఫరస్ పరమాణువుకి 106 కార్బన్ పరమాణువులు, సరస్సుల్లో ఇది చాలా అటూ ఇటూ ఊగుతుంది, ఫాస్ఫరస్ బాగా తక్కువై వెలుతురు బాగా ఎక్కువైతే నాచు కార్బన్ మాత్రం కడుతూ పోతుంది, నిష్పత్తి 300 దాటితే డాఫ్నియా పెరుగుదల మందగిస్తుంది. రాబర్ట్ స్టెర్నర్, జేమ్స్ ఎల్సర్ వాళ్ళు ఈ లెక్కలన్నీ కలిపి ఒక శాస్త్రంగానే నిలబెట్టారు. అంటే నీళ్ళు తేటబడి వెలుతురు లోపలిదాకా వెళ్ళి ఫాస్ఫరస్ మరీ పడిపోయిన సరస్సులో డయాటమ్లు ఉన్నా కూడా అవి పలచబడిన తిండే అవుతాయి. కోపీపాడ్లకి ఫాస్ఫరస్ అంత అక్కర్లేదు కాబట్టి అలాంటిచోట అవే మిగులుతాయి.

దీనికి బతికున్న ఉదాహరణ జర్మనీ, స్విట్జర్లాండ్, ఆస్ట్రియా మధ్యనున్న కాన్‌స్టాన్స్ సరస్సు. 1979 ప్రాంతంలో అక్కడ ఫాస్ఫరస్ లీటరుకి 87 మైక్రోగ్రాముల దాకా వెళ్ళింది, మూడు దేశాలూ కలిసి ట్రీట్‌మెంట్ ప్లాంట్లు కట్టి దాన్ని పదికి లోపలికి దించాయి, నీళ్ళ పరంగా అది గొప్ప విజయం, లక్షలమంది తాగేది ఆ నీళ్ళే. కానీ వైట్‌ఫిష్ అనే చేప పెరుగుదల మందగించింది, పట్టుబడి పడిపోయింది, జాలర్లు కొంచెం ఫాస్ఫరస్ తిరిగి వదలమని అడిగారు, ప్రభుత్వాలు ఒప్పుకోలేదు, 2024 మొదటినుంచి మూడేళ్ళపాటు ఆ చేప పట్టడమే నిషేధించారు. ఇదంతా ఫాస్ఫరస్ మీదే తోసేయడం సరికాదు, ఈ మధ్య సరస్సు నడిబొడ్డుకి చేరిన స్టికిల్‌బ్యాక్ చేప వైట్‌ఫిష్ తిండికి పోటీ వస్తోంది, దాని గుడ్లూ పిల్లలూ తింటోంది, 2016లో కనబడిన క్వాగ్గా ఆల్చిప్పలు ఉన్న కాస్త నాచునీ వడకట్టేసి అడుగుకి లాగేస్తున్నాయి. అయినా ఒక మాట ఒప్పుకోవాలి, బాగా ఎరువెక్కిన నీళ్ళలో వచ్చినంత చేప శుభ్రపడ్డ నీళ్ళలో రాదు, ఆ పాత పట్టుబడిని మామూలు స్థాయి అనుకుని దాంతో పోల్చుకోవడం సరైన పోలిక కాదు. మీ సరస్సులో ముందు పడిన చేపలు ఏ జాతివి, ఇప్పుడు పడేవి ఏ జాతివి అన్నది కూడా చూడండి, కిలోల లెక్క ఒక్కటే చూస్తే తప్పుదారి పడతారు.

ఇంకో కారణం బురద. మురుగు ఆగినా అడుగున పేరుకున్న బురదలో ఏళ్ళ తరబడి చేరిన ఫాస్ఫరస్ ఉంటుంది, మామూలుగా అది ఇనుముతో కట్టుబడి ఉంటుంది, అడుగున ఆక్సిజన్ అయిపోతే ఆ కట్టు విడిపోయి ఫాస్ఫరస్ నీళ్ళలోకి వచ్చేస్తుంది, క్లిఫర్డ్ మోర్టిమర్ 1941, 42 నాటికే ఇది రాసిపెట్టారు. డెన్మార్క్‌కి చెందిన ఎరిక్ యెప్పెసెన్ వాళ్ళు 35 సరస్సుల దీర్ఘకాల రికార్డులు కలిపి 2005లో ప్రచురించిన విశ్లేషణలో, బయటినుంచి వచ్చే ఫాస్ఫరస్ తగ్గించాక సరస్సు కొత్త నిలకడకి రావడానికి మామూలుగా 10 నుంచి 15 ఏళ్ళు పట్టింది, నైట్రోజన్ మాత్రం 5 ఏళ్ళ లోపే సర్దుకుంది. అదే విశ్లేషణలో ఎక్కువ సరస్సుల్లో మొత్తం చేప బరువు తగ్గింది, కానీ అందులో వేటాడి తినే చేపల వాటా పెరిగింది, మీ సరస్సులో జరుగుతున్నది బహుశా ఇదే కావచ్చు. పూడిక తీత దీన్ని తొందరపెడుతుంది, స్వీడన్‌లో ట్రుమ్మెన్ అనే చిన్న సరస్సులో 1970, 71లో దాదాపు ఒక మీటరు నల్లబురద పీల్చి తీసేశాక నీళ్ళు నిజంగా మారాయి. కానీ పూడిక పని సగం సగం చేస్తే పైపొర తీసినచోట అడుగునున్న పాత పొర బయటపడి ఇంకా ఫాస్ఫరస్ వదలొచ్చు, అందుకే తీసేముందు బురదని లోతువారీగా కోసి పరీక్ష చేయించాలి, మీరు చేయించారో లేదో రాయలేదు.

ఇక చేపలే నాచుని పెంచుతాయి అంటే చాలామంది నమ్మరు కానీ అది నిజం. 1965లో బ్రూక్స్, డాడ్సన్ అనే ఇద్దరు చూపించినదేంటంటే, జూప్లాంక్టన్ తినే చేపని కొత్తగా వదిలిన సరస్సులో పెద్ద డాఫ్నియాలు మాయమై చిన్నవి మాత్రమే మిగిలాయి, చేప కంటికి ముందు కనబడేది పెద్దదే కదా. పెద్ద డాఫ్నియా పోతే నాచుని మేసేవాళ్ళు లేరు, నాచు పెరుగుతుంది. దీన్ని తిప్పి వాడుకోవడమే బయోమానిప్యులేషన్, ఆ పేరు 1975లో జోసెఫ్ షాపిరో పెట్టారు, జూప్లాంక్టన్ తినే చేపల్నీ, బురద తవ్వి నీళ్ళు కలచే చేపల్నీ తగ్గించి వేటాడే చేపల్ని పెంచడం. యూరప్ అనుభవం ప్రకారం ఒకటి రెండేళ్ళలో ఆ చేపల్లో కనీసం ముప్పావు వంతు తీస్తేనే ఫలితం ఉంటుంది, అరకొరగా తీస్తే మిగిలినవి బాగా పిల్లలు పెట్టి ఏడాదిలో మళ్ళీ నింపేస్తాయి. లోతు తక్కువ సరస్సుల్లో నీళ్ళు తేటబడ్డాక అడుగున మొక్కలు పట్టాయంటే ఆట మారిపోతుంది, ఆ మొక్కలు బురదని పట్టి ఉంచుతాయి, డాఫ్నియాలు పగలు వాటిలో దాక్కుంటాయి, అందుకే లోతు తక్కువ సరస్సు మధ్యస్థంగా ఉండటం తక్కువ, ఒకటే ఫాస్ఫరస్ స్థాయిలో అయితే తేటగా మొక్కలతో, లేదా కలకగా నాచుతో, ఈ రెంటిలో ఒకదానికి అతుక్కుంటుంది. వేడి ప్రాంతాల్లో మాత్రం దీన్నే గుడ్డిగా చేయొద్దని నా గట్టి సలహా, అక్కడ చిన్న చేపలు ఏడాది పొడుగునా పిల్లలు పెడతాయి, మొక్కల మధ్యే గుంపులుగా ఉంటాయి, పెద్ద డాఫ్నియా మామూలుగానే తక్కువ, కాబట్టి చేపలు తీసినా ఫలితం ఎక్కువకాలం నిలబడదు, అక్కడ ఫాస్ఫరస్ తగ్గించడం మీదే ఎక్కువ బరువు పెట్టాలి.

మీరు భయపడుతున్న ఆ గోధుమరంగు జారుడు పొర సంగతి. చాలావరకు అది డయాటమ్లే అయ్యుంటాయి, వెలుతురు అడుగుదాకా దిగడం మొదలయ్యాక రాళ్ళ మీద, మొక్కల మీద పట్టే పొర అది, నాకైతే అది చూస్తే సంతోషం. నత్తలు, పురుగు లార్వాలు దాన్ని గీకి తింటాయి, అందులోనూ ఈపీఏ ఉంటుంది, అడుగున మేసే చేపలకి అది దొడ్డిదారిన అందే మంచి తిండి. నీళ్ళలో తేలే నాచునే కొలిచి సరస్సు ఉత్పత్తి అంతా అదే అనుకునేవాళ్ళు ఈ అడుగు పొరని లెక్కలో వేయరు, తేట నీళ్ళ చిన్న సరస్సుల్లో ఇదే పెద్ద వాటా కావచ్చు. ఒక్కటి మాత్రం వేలితో తీసి చూడండి, జారుడు పొరగా ఉంటే డయాటమ్లు, పొడుగు పచ్చ దారాలుగా వస్తే క్లాడోఫోరా, స్పైరోగైరా లాంటివి, అవి అంతగా మేతకి పనికిరావు, ఎక్కడో ఇంకా పోషకాలు కారుతున్నాయని అర్థం. నల్లగా నీలంగా మందంగా చాపలా ఊడొస్తే సయనోబాక్టీరియా చాపలు, పశువుల్నీ కుక్కల్నీ ఆ నీళ్ళు తాగనివ్వొద్దు.

త్వరగా తేటబరుస్తామని వచ్చే మందుల గురించి కూడా అడిగారు. కాపర్ సల్ఫేట్ నేను ఎవరికీ చెప్పను. రాగికి అతి సున్నితమైన జీవుల్లో డాఫ్నియా ఒకటి, కాబట్టి నాచుని మేసేవాళ్ళే ముందు చస్తారు, మైక్రోసిస్టిస్ కణాలు పగిలి లోపలి విషం ఒక్కసారే నీళ్ళలోకి వస్తుంది, ఫాస్ఫరస్ ఎక్కడికీ పోదు, కొన్ని వారాలకి మళ్ళీ అదే నాచు. ఆలమ్ (అల్యూమినియం సల్ఫేట్, అంటే పటిక) వేరే సంగతి, అది ఫాస్ఫరస్‌ని పట్టుకుని బురద మీద పొరలా కూర్చుంటుంది, కొన్ని సరస్సుల్లో ఏళ్ళ తరబడి పనిచేసింది, కానీ పీహెచ్ 6 కంటే దిగితే అల్యూమినియం చేపలకి విషమవుతుంది, క్షారత తక్కువ నీళ్ళలో బఫర్ (పీహెచ్ పడిపోకుండా ఆపే పదార్థం) కలపకుండా వేయకూడదు. లాంతనమ్ అనే లోహం కలిపిన బంకమట్టి కూడా అలాంటిదే. ఈ రెండూ బయటినుంచి వచ్చే మురుగు పూర్తిగా ఆగాకే వేయాలి, లేకపోతే డబ్బు నీళ్ళపాలే. వేసిన మొదటి వారాల్లో జూప్లాంక్టన్ తగ్గుతుంది, నాచుతోపాటు అవీ ముద్దల్లో చిక్కి కిందికి దిగుతాయి కాబట్టి, మళ్ళీ కోలుకుంటాయి.

పక్కదారిలో ఒక చిన్న విషయం, నాకు చాలా ఇష్టమైనది. దారపు సయనోబాక్టీరియాని డాఫ్నియా సరిగా తినలేదు అన్నాను కదా, మరీ పెద్ద డయాటమ్లనీ అంతే, కానీ కైట్రిడ్ అనే సూక్ష్మ శిలీంధ్రం వాటికి పట్టి లోపలి సారం పీల్చి, ఈదే చిన్న జూస్పోర్లుగా (విత్తనాల్లా కొత్త శిలీంధ్రాలయ్యే కణాలు) బయటికొస్తుంది, ఆ జూస్పోర్లు డాఫ్నియా మింగే సైజులో ఉంటాయి, వాటిలో స్టెరాల్స్ కూడా ఉంటాయి. తినడానికి కుదరని నాచుని తినగలిగే రూపానికి తెచ్చే దారి ఇది, మైకో కగామి వాళ్ళు 2007లో రాశారు. శిలీంధ్రాల్ని చంపే పురుగుమందులు పొలాల నుంచి కొట్టుకొస్తే ఈ దారి కూడా తెగుతుంది, కాబట్టి మురుగు పైపులు ఆపితే చాలదు, వాననీళ్ళతో ఏమేం వస్తున్నాయో కూడా చూడాలి.

బాగుపడింది మళ్ళీ వెనక్కి జారడం ఎలా ఉంటుందో తెలియాలంటే ఈరీ సరస్సు చూడండి. 1972లో అమెరికా, కెనడా ఒప్పందం చేసుకుని ఏడాదికి వచ్చే ఫాస్ఫరస్‌ని 11,000 టన్నులకి దించారు, 1980లకి సరస్సు కోలుకుంది, 1990ల మధ్యనుంచి మైక్రోసిస్టిస్ తిరిగి వచ్చింది. పొలాల నుంచి వచ్చే కరిగిన ఫాస్ఫరస్ పెరగడం ఒక కారణం, దాన్ని నాచు వెంటనే పీల్చుకోగలదు. ఇంకోటి, 1980ల చివర్లో ఓడల నీళ్ళతో వచ్చిన జీబ్రా ఆల్చిప్పలు, ఇవి మంచి నాచుని మింగి మైక్రోసిస్టిస్ ముద్దల్ని ఉమ్మేస్తాయి, అంటే నీళ్ళని తేటబరుస్తూనే మిగిలిన నాచు నాణ్యతని పాడుచేస్తాయి. 2014 ఆగస్టులో ఈ సరస్సు నీళ్ళే తాగే టొలీడో నగరంలో 4 లక్షలమందికి పైగా జనానికి కుళాయి నీళ్ళు తాగొద్దని చెప్పాల్సి వచ్చింది. తేటదనం ఒక్కటే కొలతగా పెట్టుకోవద్దని నేను ఇంతలా చెప్పేది ఇందుకే.

మీరు ఇప్పుడు చేయాల్సింది, పెద్ద ఖర్చు లేనివే చెప్తా. సెక్కి డిస్క్ అంటే తాడుకి కట్టిన నలుపు తెలుపు పళ్ళెం, 20 సెంటీమీటర్ల వెడల్పుది, అది కనబడకుండా పోయే లోతు రెండు వారాలకోసారి ఒకేచోట ఒకే సమయానికి రాసిపెట్టండి. దాంతోపాటు ప్లాంక్టన్ వలతో జూప్లాంక్టన్ లాగండి, పగలు అవి చేపలకి భయపడి కిందికి దిగిపోతాయి కాబట్టి చీకట్లో, లేదా తెల్లవారకముందే, అడుగునుంచి పైదాకా లాగాలి, పగలు పైపైన లాగి ఏమీ లేవని రాసేయడం చాలాచోట్ల జరిగే పొరపాటు. భూతద్దం కింద చూస్తే 1 మిల్లీమీటరు దాటిన డాఫ్నియాలు ఉన్నాయా లేదా తెలిసిపోతుంది. అవి ఉంటే ఆహార గొలుసు కట్టుకుంటోందని ధైర్యంగా ఉండండి. లేకపోతే రెండిటిలో ఒకటి, చిన్న చేపల ఒత్తిడి ఎక్కువైనా ఉండాలి లేదా నాచు ఇంకా తినదగ్గది కాదు, నాచు శాంపిల్‌లో దారాలూ ముద్దలూ ఎక్కువుంటే రెండోది, చిన్న చిన్న విడి కణాలే ఉండి డాఫ్నియా మాత్రం లేకపోతే మొదటిది. ల్యాబులో మొత్తం ఫాస్ఫరస్, క్లోరోఫిల్ రెండూ చేయించండి, కుదిరితే నాచు జాతులు కూడా. చేపల్ని కిలోల్లో కాకుండా ఒక్కోదాని పొడవు, బరువు, జాతి రాయండి, పొలుసు వలయాలు చూసి వయసు కట్టేవాళ్ళు దొరికితే ఇంకా మంచిది, ఒకే వయసు చేప ముందుకంటే పొడుగ్గా ఉందా పొట్టిగా ఉందా అన్నది మీ ప్రశ్నకి అసలు జవాబు.

కొత్తగా చేపపిల్లల్ని వదలమని ఎవరైనా ఇప్పుడే చెప్తే ఆగండి, ముఖ్యంగా జూప్లాంక్టన్ తినేవీ బురద తవ్వేవీ వద్దు, డాఫ్నియా ఇంకా నిలదొక్కుకోకముందే వాటిని దించితే వాషింగ్టన్ సరస్సు 1976లో దాటిన మెట్టు మీరు దాటలేరు. వచ్చే రెండు మూడు సీజన్లు ఈ కొలతలు రాసి, ఏ నెలలో ఏ నాచు ఎక్కువుందో కలిపి ఇక్కడ పెట్టండి, వదలాల్సిన చేప ఏదో అప్పుడు ఆ అంకెలు చూసి చెప్తాను.